అవతలి కొస: ఆస్ట్రేలియాలో దూరసంభాషణ చరిత్ర

హైదరాబాదులో ఉదయం ఏడున్నర అయ్యేసరికి సిడ్నీలో మధ్యాహ్నం పన్నెండు. రెండు నగరాల్లోనూ సభ్యులున్న ఒక సాఫ్ట్‌వేర్ బృందం ఆ వేళకు వీడియో సమావేశానికి కూర్చుందనుకుందాం. సిడ్నీలో నలుగురు ఒక బల్ల చుట్టూ ఉన్నారు. హైదరాబాదులో ఒక ఇంజనీరు తన ఇంట్లో ఒంటరిగా ఉంది. అక్కడ ఎవరో ఒక ప్రశ్న వేశారు. ఆమె విని, జవాబు మొదలుపెట్టేలోగా సిడ్నీ గదిలోనే ఇంకొకరు అందుకున్నారు. ఆమె ఆగింది, వారూ ఆగారు. ‘మీరు చెప్పండి’ అంటే ‘లేదు, మీరే చెప్పండి’ అనుకున్నారు. నాలుగైదుసార్లు ఇలా జరిగాక ఆమె మైకు కట్టేసి వినడానికే పరిమితమైంది. సంవత్సరాంతపు మదింపులో ‘సమావేశాల్లో చొరవ చూపదు’ అన్న వాక్యం ఆమె పేరు పక్కన చేరింది. ఇది కల్పిత దృశ్యమే అయినా, ఖండాంతర బృందాల్లో పనిచేసిన తెలుగువారిలో దీన్ని గుర్తుపట్టనివారు తక్కువ.

ఇలాంటి సమావేశాల నాణ్యతను మెరుగుపరచడం గురించి మాట్లాడేటప్పుడు చర్చ సాధారణంగా బొమ్మ స్పష్టత చుట్టూ, ఇంటర్నెట్ వేగం చుట్టూ తిరుగుతుంది. ఈ సమస్యకు ఆస్ట్రేలియాలో నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. జెఫ్రీ బ్లేనీ 1966లో రాసిన చరిత్ర గ్రంథానికి ‘ది టిరనీ ఆఫ్ డిస్టెన్స్’ అని పేరు పెట్టాడంటే, ఆ దేశపు ఆత్మకథలో దూరానికి ఉన్న స్థానం తెలుస్తుంది. తంతి, తొక్కుడు రేడియో, ఉపగ్రహం, ఫైబర్ — ఒక్కొక్క సాధనం వచ్చినప్పుడల్లా అక్కడివారు దూరసంభాషణలోని ఏదో ఒక లోపాన్ని కొత్తగా కనుగొన్నారు. ఆ అనుభవాలను వరుసలో పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. సంభాషణ నాణ్యతను కొలవవలసిన చోటు కేంద్రం కాదు, అవతలి కొస. ఆ కొసన ఉన్న మనిషికి సమయానికి మాట్లాడే వంతు దొరికిందా లేదా అన్నదే అసలు కొలత. ఈ వ్యాసం ఆ చరిత్రను ఆ కొలతతో చదివే ప్రయత్నం.

మద్రాసు మీదుగా వచ్చిన తంతి

1872కు ముందు లండన్ వార్త ఆస్ట్రేలియాకు ఓడలో రావలసిందే. అందుకు రెండు నెలల వరకూ పట్టేది. ఆ దూరాన్ని తంతితో దాటించిన మార్గంలో మనకు బాగా తెలిసిన ఊరొకటి ఉంది. 1870 నాటికి బొంబాయి సముద్రగర్భ తీగల ద్వారా సూయజ్‌తో, అక్కడినుంచి లండన్‌తో కలిసింది. బొంబాయినుంచి మద్రాసుకు భూమార్గపు తంతి ఉంది. 1870–71లో మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూరుకు సముద్రగర్భ తీగ వేశారు. అక్కడినుంచి బటావియా, జావా ద్వీపం మీదుగా బన్యువాంగి, చివరకు 1871 నవంబరులో ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్. అంటే ఆస్ట్రేలియాను ప్రపంచంతో కలిపిన తొలి తీగ బొంబాయి తీరంలో దిగి, మళ్ళీ మద్రాసు తీరంనుంచి బయల్దేరింది.

డార్విన్ నుంచి దక్షిణాన పోర్ట్ అగస్టా దాకా, ఖండం నట్టనడుమగా, సుమారు 3,200 కిలోమీటర్ల తంతి మార్గాన్ని దక్షిణ ఆస్ట్రేలియా వలసప్రభుత్వం నిర్మించింది. దాని సూత్రధారి ఆ ప్రభుత్వపు తంతి శాఖాధిపతి చార్లెస్ టాడ్. దాదాపు 36,000 స్తంభాలు పాతారు. ఉత్తర భాగంలో వర్షాల వల్ల పని వెనకబడింది. సముద్రపు తీగ సిద్ధంగా ఉన్నా భూమి మీది తీగ పూర్తికాలేదు. 1872 మధ్యలో కొంతకాలం, ఒక కొసన ముగిసిన తంతిని కాగితం మీద రాసి, గుర్రపు రౌతులు మోసుకుపోయి, రెండో కొసన మళ్ళీ తీగకెక్కించారు. లండన్ నుంచి జావా దాకా మెరుపులా వచ్చిన మాట మధ్య ఆస్ట్రేలియాలో గుర్రపు నడకకు దిగేది. మొత్తం మార్గపు వేగాన్ని నిర్ణయించింది పొడవైన సముద్రపు తీగ కాదు, పూర్తికాని ఆ చిన్న ముక్క. 1872 ఆగస్టు 22న రెండు కొసలూ కలిశాయి. ఈలోగా తెగిన సముద్రపు తీగ బాగుపడి, ఆ అక్టోబరులో లండన్‌తో సంబంధం స్థిరపడింది.

తీగ కలిసినంతమాత్రాన మాట నేరుగా వెళ్ళేది కాదు. దూరం పెరిగేకొద్దీ విద్యుత్ సంకేతం బలహీనపడుతుంది. అందుకని రెండు మూడు వందల కిలోమీటర్ల ఎడంలో కేంద్రాలు కట్టారు. నేటి ఆలిస్ స్ప్రింగ్స్ అలా ఏర్పడిన కేంద్రమే. ఆ పేరు టాడ్ భార్య ఆలిస్‌ది. ప్రతి కేంద్రంలోనూ ఒక ఉద్యోగి సంకేతాన్ని విని, రాసుకుని, మళ్ళీ చేత్తో ముందుకు పంపేవాడు. ఒకరు తప్పుగా వింటే ఆ తప్పే ముందుకు సాగేది. తొలినాళ్ళలో ఇరవై మాటల తంతికి దాదాపు పది పౌండ్లు ఖర్చయ్యేది కాబట్టి, ‘మరోసారి చెప్పండి’ అని అడగడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు.

పశ్చిమాన మరో చిక్కు వచ్చింది. 1877లో పశ్చిమ ఆస్ట్రేలియాను తూర్పు వలసలతో కలిపే తంతి పూర్తయినప్పుడు రెండు ప్రభుత్వాల తీగలూ యూక్లా అనే తీరగ్రామంలో కలిశాయి. అయితే రెండు పక్షాలూ వాడే మోర్స్ సంకేతలిపి ఒకటి కాదు. అందువల్ల ఒకే గదిలో ఇరువైపులా కూర్చున్న ఉద్యోగులు సందేశాలను కాగితం మీద రాసి, మధ్యనున్న అడ్డు మీదుగా చేతులు మార్చేవారు. తీగ ఉండి కూడా లిపి కలవకపోతే ఏమవుతుందో యూక్లా చూపించింది. ఒక శతాబ్దం తర్వాత వీడియో పరికరాలకూ ఇదే ఇబ్బంది ఎదురైంది. 1990లో ఖరారైన హెచ్.261 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చేవరకూ ఒక తయారీదారు యంత్రం మరొకరి యంత్రంతో మాట్లాడుతుందన్న హామీ ఉండేది కాదు.

ఇంకొక సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఆ తీగ అర్రెర్న్‌తె, కేటిజ్, వారుముంగు వంటి ఆదివాసి జాతుల నేల మీదుగా సాగింది. వారి అనుమతి ఎవరూ అడగలేదు. తమ నేల మీదుగా పోతున్న మాటలో వారికి వంతు లేదు. మధ్య ఆస్ట్రేలియా ఆదివాసులు తమ సొంత సంభాషణా జాలాన్ని నిర్మించుకోవడానికి మరో నూట ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ కథకు తర్వాత వస్తాను.

వినగలరు, మాట్లాడలేరు

తంతి పట్టణాలను కలిపింది కాని, తీగకు వందల కిలోమీటర్ల దూరంలో పశువుల మేతక్షేత్రాల్లో ఉన్న కుటుంబాలను కలపలేదు. జబ్బు చేస్తే వైద్యుడికి కబురు పంపే దారి లేక మనుషులు చనిపోయేవారు. ప్రెస్బిటేరియన్ మతాచార్యుడు జాన్ ఫ్లిన్ 1928 మేలో క్వీన్స్‌లాండ్‌లోని క్లోన్‌కరీ కేంద్రంగా విమాన వైద్య సేవ ప్రారంభించాడు. విమానముంటే చాలదు, దాన్ని పిలవడానికి సాధనం కావాలి. కరెంటు లేని చోట రేడియో నడపడమెలా? అడిలేడ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ట్రేగర్ సైకిలులా కాళ్ళతో తొక్కితే విద్యుత్తు పుట్టే చిన్న జనరేటర్‌ను రేడియోకు జతచేశాడు. 1929లో మొదటి పరికరాలు క్వీన్స్‌లాండ్ మేతక్షేత్రాలకు చేరాయి.

ఈ తొలి పరికరాల్లో ఒక అసమానత ఉంది. క్లోన్‌కరీ కేంద్రం గొంతుతో మాట్లాడగలిగేది. మేతక్షేత్రంలోని ఇల్లాలు ఆ గొంతును వినగలిగేది. కాని ఆమె జవాబు మోర్స్ సంకేతాల్లోనే పంపాలి. తొక్కుడు జనరేటర్ ఇచ్చే కొద్దిపాటి శక్తి గొంతును మోయడానికి చాలదు. బిడ్డకు జ్వరం పెరుగుతున్న వేళ, కాళ్ళతో తొక్కుతూ, చుక్కలనూ గీతలనూ గుర్తు తెచ్చుకుంటూ రోగలక్షణాలు వివరించవలసిన స్థితి ఆమెది. కేంద్రానికి గొంతు, కొసకు సంకేతం. ట్రేగర్ ఇక్కడితో ఆగలేదు. మోర్స్ రానివారి కోసం 1930ల్లో టైప్‌రైటర్ లాంటి మీటల పలకను తయారుచేశాడు. అక్షరం నొక్కితే సంకేతం దానంతటదే వెళ్ళేది. ఆ దశాబ్దంలోనే రెండువైపులా గొంతు వినిపించే పరికరాలూ వచ్చాయి. అతని పరిశోధన ఏ దిశలో సాగిందో గమనించాలి. కేంద్రం గొంతును మరింత స్పష్టం చేయడానికి కాదు, కొసన ఉన్నవారి నోరు తెరిపించడానికి.

ఆ రేడియో మీద వైద్యం, తంతి సందేశాలతో పాటు మరొకటి పుట్టింది. నిర్ణీత వేళల్లో చుట్టుపక్కల క్షేత్రాల స్త్రీలు ఒకే తరంగం మీద చేరి కబుర్లు చెప్పుకునేవారు. గుంపుగా చేరి అరిచే గలా చిలుకల పేరుమీద దీన్ని ‘గలా సెషన్’ అన్నారు. పేరులో వెక్కిరింత ఉన్నా ఆ వేళకు విలువ ఉంది. ఒకసారి ఒకరే మాట్లాడగల రేడియో అది. మీట నొక్కి మాట్లాడాలి, ముగిశాక ‘ఓవర్’ అనాలి, అప్పుడే రెండోవారి వంతు. ముఖం కనిపించని చోట వంతును మాటతో ప్రకటించే మర్యాదను ఆ స్త్రీలు అలవాటు చేసుకున్నారు.

ఈ రేడియో మీదే బడి కూడా నడపవచ్చునని విద్యావేత్త అడిలేడ్ మీత్కీ సూచించింది. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లోని విమాన వైద్య సేవ కేంద్రంనుంచి ‘స్కూల్ ఆఫ్ ది ఎయిర్’ పాఠాలు మొదలయ్యాయి. మొదట పాఠాలు ఒకవైపే సాగాయి. టీచరు చెప్పడం, పిల్లలు వినడం. కొద్దికాలంలోనే పాఠం చివర ప్రశ్నలకు వేళ కేటాయించారు. అప్పుడుగాని అది ప్రసారం స్థాయి దాటి తరగతి కాలేదు. వందల కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా పెరుగుతున్న పిల్లవాడు తన పేరు పిలిచినప్పుడు మీట నొక్కి జవాబు చెప్పడం, ఆ జవాబును మిగతా పిల్లలంతా వినడం — ఆ బడి ప్రాణమంతా అక్కడ ఉంది.

ఆకాశం నుంచి వచ్చిన జాప్యం

ఉపగ్రహాలు వచ్చాక సమస్య స్వభావం మారింది. భూమితో సమానంగా తిరిగే ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఒక గొంతు పైకి వెళ్ళి కిందికి రావాలంటే 72,000 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. కాంతి వేగంతో పోయినా పావు సెకను పడుతుంది. జవాబు తిరిగి రావడానికి మరో పావు సెకను. కేంద్రాల యంత్రాల్లో పట్టే సమయం దీనికి అదనం. ఆస్ట్రేలియా సొంత ఉపగ్రహ వ్యవస్థ ఆసాట్ తొలి రెండు ఉపగ్రహాలు 1985లో కక్ష్యకు చేరాయి. మారుమూల ప్రాంతాలకు టెలివిజన్ వచ్చింది, టెలిఫోన్ వచ్చింది. వాటితో పాటు ఈ అర సెకను కూడా వచ్చింది.

అర సెకను ఏపాటిది అనిపించవచ్చు. కాని మనుషుల మాటల మధ్య ఉండే ఎడం అంతకంటే చాలా తక్కువ. పది భాషల్లో ప్రశ్న–జవాబుల మధ్య విరామాన్ని కొలిచి 2009లో ప్రచురించిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో సగటు ఎడం సెకనులో అయిదో వంతు, అంటే 200 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉన్నట్టు తేలింది. భాషకూ భాషకూ తేడా ఉన్నా అది కొద్దిపాటిదే. ఎదుటివారు ముగించేలోగానే మనం జవాబును సిద్ధం చేసుకుంటాం కాబట్టి ఇది సాధ్యమవుతుంది. ఆ ఎడం పెరిగితే మనసు దానికి అర్థం వెతుకుతుంది. ‘రేపు వస్తారా?’ అని అడిగాక వచ్చే చిన్న నిశ్శబ్దాన్ని మనం ‘రారేమో’ అని చదువుకుంటాం. ఉపగ్రహం తెచ్చే నిశ్శబ్దం మనిషిది కాదు, దూరానిది. చెవికి ఆ తేడా తెలియదు.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ప్రమాణం జి.114 ఈ అనుభవాన్ని అంకెల్లో పెట్టింది. ఒక దిశలో జాప్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుంది; 400 దాటేలా వ్యవస్థలను రూపొందించకూడదు. దీనికి తోడు ప్రతిధ్వని ఉంది. అవతలి స్పీకరులోంచి వచ్చిన నా గొంతు అక్కడి మైకులో దూరి, అర సెకను తర్వాత నాకే వినిపిస్తే నేను మాట తడబడతాను. ఈ ప్రతిధ్వనిని గణితంతో అంచనా కట్టి తీసివేసే పద్ధతికి 1960ల్లో బెల్ ప్రయోగశాలలో పునాది వేసినవారిలో భారతదేశంలో పుట్టిన మన్‌మోహన్ సోంధీ ఒకరు. ఈనాడు ప్రతి వీడియో సమావేశంలోనూ నేపథ్యంలో ఆ పద్ధతి వారసులే పనిచేస్తున్నాయి. ఒకే గదిలో ఇద్దరు వేర్వేరు లాప్‌టాప్‌లలో స్పీకర్లు తెరిచి కూర్చున్నప్పుడు కీచుమనే మోత పుట్టేది, ఆ లెక్క తప్పిపోవడం వల్లనే.

తనామి ఎడారిలో వీడియో

ఆలిస్ స్ప్రింగ్స్‌కు వాయవ్యంగా 290 కిలోమీటర్ల దూరంలో, తనామి ఎడారి అంచున, యూండుము అనే వార్ల్‌పిరి ఆదివాసి గ్రామం ఉంది. 1980ల్లో అమెరికన్ పరిశోధకుడు ఎరిక్ మైకేల్స్ అక్కడ ఉండి, వార్ల్‌పిరి ప్రజలు టెలివిజన్‌ను తమదిగా మలచుకున్న తీరును అధ్యయనం చేశాడు. ఉపగ్రహం ద్వారా నగరపు కార్యక్రమాలు తమ మీద కురిసేలోగా తమ భాషలో తామే కార్యక్రమాలు తీసి ప్రసారం చేసుకోవాలని వారు పూనుకున్నారు. 1985లో లైసెన్సు లేకుండానే ఆ పని మొదలుపెట్టారు.

1990ల తొలి యేళ్ళలో వారు ఇంకో అడుగు వేశారు. యూండుము, లాజమాను, విల్లోరా, కింటోర్ గ్రామాలను ఉపగ్రహ వీడియో సమావేశాల ద్వారా ఒకదానితో ఒకటి, అలాగే ఆలిస్ స్ప్రింగ్స్, డార్విన్, సిడ్నీ నగరాలతో కలిపే ‘తనామి నెట్‌వర్క్’ ఏర్పడింది. యూండుములో విద్యారంగంలో పనిచేసి, తర్వాత నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వంలో మంత్రి అయిన పీటర్ టోయిన్ ఈ ప్రయత్నాన్ని నడిపినవారిలో ముఖ్యుడు, దాని గురించి రాసినవాడు కూడా. ఆ గ్రామాలు తమ సొంత నిధులనూ ఇందులో పెట్టాయి. అప్పటికి ప్రపంచంలో వీడియో సమావేశమంటే పెద్ద కంపెనీల గదుల్లో ఉండే ఖరీదైన సాధనం. ఈమెయిలు కూడా సామాన్యులకు చేరని రోజుల్లో ఒక ఎడారి జాతి దాన్ని తెచ్చుకుంది.

వారు దాన్ని దేనికి వాడారన్నది ఇంకా ఆసక్తికరం. జైలులో ఉన్న బంధువుతో కుటుంబం మాట్లాడటానికి, పెద్దలు ఆచార వ్యవహారాలు చర్చించుకోవడానికి, ప్రభుత్వాధికారులతో సమావేశాలకు, చదువుకు, చిత్రకళను నగరాల కొనుగోలుదారులకు నేరుగా చూపడానికి. దేశం దాటి కెనడాలోని క్రీ జాతితోనూ, ఉత్తర ఐరోపాలోని సామీ ప్రజలతోనూ మాట్లాడారు. నేటి పరిభాషలో చెప్పాలంటే అది మారుమూలనుంచి పనిచేసిన అంతర్జాతీయ బృందమే.

టెలిఫోను ఉండగా వీడియో ఎందుకు? వార్ల్‌పిరి సమాజంలో చేతి సంజ్ఞలు పూర్తిస్థాయి భాష. భర్త చనిపోయిన స్త్రీ దీర్ఘకాలం మౌనం పాటిస్తూ సంజ్ఞలతోనే సంభాషించే ఆచారం ఉంది. ఆడం కెండన్ 1988లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంజ్ఞాభాషలను వివరంగా నమోదు చేశాడు. అలాంటి స్త్రీకి టెలిఫోను నిరుపయోగం. అత్తా అల్లుళ్ళ వంటి కొన్ని బంధుత్వాల్లో ఒకరికొకరు ఎదురుపడకూడదన్న కట్టుబాటు కూడా ఉంది. అవతలి గదిలో ఎవరెవరు ఉన్నారో తెలియకుండా మాట మొదలుపెట్టడం అక్కడ అమర్యాద. ఆనాటి ఉపగ్రహ వీడియో బొమ్మ అలుక్కుపోయేది, కదలిక తడబడేది. అయినా చేతులు కనిపించేవి, ఎవరున్నారో తెలిసేది. వారికి నాణ్యత అంటే అది. మనం ముఖాన్ని దగ్గరగా, స్పష్టంగా చూపడమే నాణ్యత అనుకుంటాం. ఏది కనిపించాలి, ఎవరికి కనిపించాలి అన్న ప్రశ్న వారు ముందు వేసుకున్నారు.

మళ్ళీ మద్రాసు–సింగపూరు దారి

2002లో చెన్నై నుంచి సింగపూరుకు ఐ2ఐ అనే ఫైబర్ కేబుల్ పడింది. పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. 2018, 2019 సంవత్సరాల్లో సింగపూరు నుంచి పెర్త్‌కు రెండు కొత్త కేబుళ్ళు వచ్చాయి. ఒక్కొక్కటి దాదాపు 4,600 కిలోమీటర్లు. పెర్త్ నుంచి సిడ్నీకి సముద్రగర్భంలో మరో 4,600. హైదరాబాదునుంచి చెన్నైకి భూమార్గం కలుపుకుంటే మొత్తం 13,000 కిలోమీటర్లు. డార్విన్ బదులు పెర్త్ వచ్చిందేగాని, మార్గం 1872 నాటిదే.

గాజులో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. 13,000 కిలోమీటర్లకు 65 మిల్లీసెకన్లు. జి.114 హద్దు 150లో ఇది సగం కూడా కాదు. అంటే హైదరాబాదు–సిడ్నీ సంభాషణ సాఫీగా సాగడానికి భౌతికశాస్త్రం అడ్డు రాదు. మిగతా జాప్యమంతా మనం చేర్చుకున్నదే. రెండు నగరాల మాటనూ కలిపే సర్వరు సింగపూరులోనో ముంబైలోనో కాక అమెరికా పడమటి తీరంలో ఉంటే దారి రెట్టింపు అవుతుంది, కాంతికే 130 మిల్లీసెకన్లు దాటిపోతాయి. బృందం వాడే సేవలో ప్రాంతాన్ని ఎంచుకునే వీలుంటే, ఆ ఒక్క మార్పు కొత్త కెమెరా కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

రెండో చిక్కు ఇంట్లోనే ఉంది. గోడల మీదా సామాన్ల మీదా తగిలి వచ్చే రేడియో తరంగాలు ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి అవుతాయి. ఈ గజిబిజిని విడదీసే పద్ధతిని రూపొందించినవారిలో ఆస్ట్రేలియా ప్రభుత్వ విజ్ఞాన సంస్థ సీ.ఎస్.ఐ.ఆర్.ఓ.లోని జాన్ ఓసలివన్ బృందం ప్రముఖం. వారి అమెరికా పేటెంటు 1996లో మంజూరైంది. వైఫై వేగం పెరగడంలో దాని పాత్ర పెద్దది. అయినా పక్కింటి వైఫైలతో పోటీపడే అపార్టుమెంటులో పాకెట్లు ఒకే ఎడంలో చేరవు. కొన్ని ముందొస్తాయి, కొన్ని ఆలస్యమవుతాయి. గొంతు తెగిపోకుండా ఉండటానికి సాఫ్ట్‌వేర్ వాటిని కొంతసేపు ఆపి, వరుస సర్ది వినిపిస్తుంది. వైఫై ఎంత ఒడుదొడుకుగా ఉంటే ఆ నిల్వ అంత పెరుగుతుంది, జాప్యమూ పెరుగుతుంది. సముద్రాన్ని 65 మిల్లీసెకన్లలో దాటిన మాట పడకగదినుంచి హాలులోని రౌటరు దాకా వెళ్ళడానికి తంటాలు పడుతుంది. 1872లో గుర్రాలు నడిచిన ముక్క ఇప్పుడు ఇక్కడ ఉంది. రౌటరు నుంచి ఒక కేబుల్ లాగితే ఆ ముక్క పూర్తవుతుంది.

మూడోది, గొంతుకూ బొమ్మకూ ఉన్న తేడా. స్పష్టమైన గొంతుకు సెకనుకు 30–50 కిలోబిట్లు చాలు. మంచి బొమ్మకు అంతకు ఇరవై ముప్పై రెట్లు కావాలి. లైను బలహీనపడినప్పుడు బొమ్మను వదిలి గొంతును కాపాడుకోవడం తెలివైన పని. నోటికి దగ్గరగా ఉండే చవక మైకు, గది మూలనున్న ఖరీదైన మైకు కంటే మేలు. సంజ్ఞాభాష వాడేవారున్న సమావేశంలో మాత్రం ఈ వరుస తలకిందులవుతుంది, అక్కడ బొమ్మే గొంతు. యూండుము నేర్పిన పాఠం అదే.

వంతు ఎవరిది

సాంకేతికంగా అన్నీ సరిచేసినా మిగిలే సమస్య ఒకటుంది. 2020 ఆగస్టు 24న, కోవిడ్ కాలంలో, ఆస్ట్రేలియా ప్రతినిధుల సభ చరిత్రలో తొలిసారి సభ్యులు వీడియో ద్వారా పాల్గొన్నారు. వారు ప్రసంగించవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు. ఓటు వేయడానికి వీల్లేదు, కోరం లెక్కలోకి రారు. ఆ నిబంధనకు రాజ్యాంగపరమైన కారణాలు ఉండవచ్చు. కాని రాతలో లేని అలాంటి నిబంధన చాలా బృందాల్లో అమలవుతూనే ఉంది. తెర మీద ఉన్నవారు వినిపిస్తారు, లెక్కలోకి మాత్రం రారు.

2014లో బెర్లిన్ పరిశోధకులు ఒక ప్రయోగఫలితం ప్రచురించారు. లైనులో జాప్యం ఉందని చెప్పకుండా మాట్లాడుకోనిస్తే, శ్రోతలు ఆ జాప్యాన్ని లైనుకు కాక అవతలి మనిషికి అంటగట్టారు. అతను శ్రద్ధ లేనివాడు, కలివిడి లేనివాడు అనుకున్నారు. వ్యాసం మొదట్లో చెప్పిన ఇంజనీరు మదింపులోని వాక్యానికి మూలం ఇక్కడుంది. దూరం చేసిన తప్పు మనిషి గుణంగా నమోదవుతోంది. కేంద్రంలో నలుగురు ఒకే గదిలో ఉన్నప్పుడు వారి మధ్య జాప్యం సున్నా. కాబట్టి జాప్యపు భారమంతా ఒంటరిగా ఉన్నవారి మీదే పడుతుంది.

2016 జనగణనలో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 34 వేలు. 2021 నాటికి ఆ సంఖ్య 59 వేలు దాటింది. అందులో ఎందరో ఇప్పుడు బల్ల చుట్టూ ఉన్నవైపు కూర్చుంటున్నారు. ఒకప్పుడు హైదరాబాదు కొసన కూర్చుని వంతు కోసం ఎదురుచూసినవారు కూడా వారిలో ఉంటారు. ఆ కొసను గుర్తుపెట్టుకోవలసిన బాధ్యత వారికి కాస్త ఎక్కువే.

చేయవలసిన పనులు కొత్తవేమీ కావు. ఒక్కరు దూరాన ఉన్నా, గదిలోని నలుగురూ ఎవరి యంత్రం ముందు వారు, హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే జాప్యం అందరికీ సమంగా పంచినట్టవుతుంది. పేరు పెట్టి వంతు ఇవ్వడం, మాట ముగిసిందని చెప్పడం గలా సెషన్ స్త్రీలకు తెలిసిన మర్యాద. వేళల విషయంలోనూ అంతే. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా సిడ్నీ గడియారం గంట ముందుకు జరుగుతుంది, తేడా అయిదున్నర గంటలవుతుంది. ఆ గంటను ఎప్పుడూ ఒకే కొస భరించకూడదు. ఇక ప్రశ్న అడిగాక మరో సెకను ఆగడం కష్టమేమీ కాదు. స్కూల్ ఆఫ్ ది ఎయిర్ టీచర్లు ఆ పని చేశారు. పేరు పిలిచి, మీట వదిలి, వందల కిలోమీటర్ల అవతల ఒక పిల్లవాడు తన మీట నొక్కేదాకా ఆగారు.